పన్నెండో నంబరు జాగా

ఆదోని పత్తి మార్కెట్ గేటు ముందు సంధ్య తన టిఫిన్ బండి మీద ఇంకా స్టవ్ వెలిగించనే లేదు, అప్పుడే ఒకడు తగువుకు వచ్చాడు.

"ఈడ బండి పెట్టగూడదు."

"రోడ్డు నీదాప్పా?"

"మున్సిపాలిటీది. ఆ పసుపు గళ్లు సూసినావా? బండోళ్లకు వాళ్లిచ్చిన కార్డు మీద ఏ నంబరుంటే ఆ గడిలోనే నిలపల్ల."

"మా ఎమ్మిగనూరులో గళ్లూ లేవు, గీతలూ లేవు. తొమ్మిదికల్లా రోడ్డు ఖాళీ సేస్తే సాలు. నాకూ కార్డుండాది."

"ఈడ కార్డు ఆదోని అడ్రసున్నోళ్లకే. అది సెల్లదు మేడం."

ఆ 'మేడం'లో వెటకారం ఉందనుకుంది సంధ్య. నిజానికి ఆ వచ్చిన బాలుకు ఆడపిల్లలతో ఎలా మాట్లాడాలో తెలియదు, అంతే.

అరగంటలో మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బండిని ట్రాక్టరెక్కించారు. ఉగ్గాని టిఫిన్ చేయడానికి తెచ్చిన బొరుగుల మూట కూడా పోయింది. పట్టించింది అతనేనని సంధ్య నలుగురిలో బాలును కడిగేసింది. మరునాడు బండి విడిపించుకోవడానికి వెళితే ఆఫీసు ముందు అతనే నిలబడి ఉన్నాడు.

"నాది దోశ బండి, సాయంత్రమే. పొద్దున నా పన్నెండో నంబరు గడి ఖాళీనే. ఆడ పెట్టుకో. సారును అడిగినా. కార్డున్న మనిషి పక్కన ఉంటే సాలంట."

"అంటే నువ్వా?"

"నేనే. తెల్లారి లేయడం నాకూ కష్టమే."

సంధ్యకు వేరే దారి లేదు. నాన్న గిడ్డయ్య మగ్గం ఆగి ఏడాదైంది, ఇల్లు ఈ బండి మీదే నడుస్తోంది. పత్తి సీజన్లో పెద్దకడుబూరు రైతులంతా దిగేది ఈ గేటు ముందే. అందుకే బండిని ఆటోకు కట్టుకుని ఇంత దూరం వచ్చింది.

రూలు ప్రకారం బాలు ఊరికే నిలబడితే చాలు. ఉత్త చేతులతో ఎంతసేపని నిలబడతాడు? మూడో రోజుకు బజ్జీల మిరపకాయలు చీల్చడం మొదలుపెట్టాడు. ఐదో రోజు అదే చేత్తో కన్ను తుడుచుకుని గోల పెట్టాడు.

"మా ఊర్లో దీనికొక రూలుండాది," అంది సంధ్య, నీళ్లు పోస్తూ నవ్వాపుకుని. "మోచేత్తో తుడుచుకోవల్ల."

ఒక పొద్దున వాన. గిరాకీ లేదు. ఇద్దరూ ఒకే పట్టా కింద నిలబడ్డారు. బాలు ధైర్యం చేశాడు.

"పెండ్లి సేసుకుందామా? నీకూ ఆదోని అడ్రసు వస్తాది."

సంధ్య మొహం వెలిగింది, వెంటనే వాడిపోయింది.

"ఈడ ఇంటికి ఒకటే కార్డు గదా?"

"ఔ. నాది ఉండాది గదా."

"నా బండి నీ పేరు కింద ఎందుకు నిలపల్ల? నువ్వంటే నాకిష్టమే బాలూ. కానీ నా పేరు వదులుకోను."

మరునాటి నుంచి ఆమె రాలేదు. వారం రోజులు బాలు తెల్లవారుజామునే లేచి, ఖాళీ గడిలో వెర్రివాడిలా నిలబడి వచ్చాడు. ఆమె లేకుండా ఆ జాగా ఎందుకో అతనికి అర్థం కాలేదు.

ఎనిమిదో రోజు ఎమ్మిగనూరు బస్టాండు ముందు, సంధ్య బండి పక్కన చేరి మిరపకాయలు అందుకున్నాడు.

"ఈడ నువ్వు నిలబడల్లని ఏ రూలూ లేదు," అంది సంధ్య.

"తెలుసు."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అతను తన కార్డు వదిలేసుకున్నాడు. పన్నెండో నంబరుకు సంధ్య పేరుతో దరఖాస్తు. అడ్రసు బాలు వాళ్ల ఇంటిది. సహాయకుడి గడిలో బాలు పేరు. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది.

"నేను కాదంటే?"

"జాగా ఇంకొకరికి పోతాది. నేను ఈడ్నే మిరపకాయలు సీలుస్తాంటా."

బొరుగులు కడుగుతున్న గిడ్డయ్య చేతులు తుడుచుకుని వచ్చి కాగితం తీసుకున్నాడు. చివరిదాకా చదివాడు.

"సహాయకుడని రాసినావు. అల్లుడని రాసేకి గడి లేదా నాయనా?"

"లేదు మామా."

"అయితే అది ఇంట్లో రాసుకుందాంలే," అని గిడ్డయ్య కూతురికి పెన్ను అందించాడు.

సంధ్య తన పేరును, ఇంటిపేరుతో సహా, గడి నిండేలా రాసింది.