విత్తనాల డబ్బా మీద పిల్ల

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. భుజాన తువ్వాలు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ నాన్న. వంటింట్లో ఉండి చెవులు మాత్రం బయటికి పంపిన అమ్మ. చేట ఒళ్లో పెట్టుకుని గోడకి చేరగిలిన నానమ్మ. మొక్కజొన్న విత్తనాల రేకు డబ్బా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆమె, ఆ ఇంటి కూతురు.

తెల్లవారుజామున తొలివాన పడింది. తొలివాన పడిన రోజే విత్తడం ఆ ఇంటి పద్ధతి. తాత అలాగే విత్తాడు, నాన్నా అలాగే విత్తుతున్నాడు. కానీ రెండేళ్లుగా తొలివాన ఆశపెట్టి ముఖం చాటేస్తోంది. రెండుసార్లూ మొలకలు మాడిపోయాయి. ఇక మిగిలింది ఈ ఒక్క డబ్బా. ఇదీ పోతే ఈ ఏడు చేను బీడే.

"లేమ్మా," అన్నాడు నాన్న.

"లేవను."

నానమ్మ చేట పక్కన పెట్టింది. నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ చెప్పుకునే మనవరాలు ఇలా మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"నలభై రెండు మిల్లీమీటర్లు పడిందని ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మిషన్ కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"మిషన్ మంచిదే నాన్నా. దాన్ని పాతినవాడికే బుద్ధి లేదు."

సరిగ్గా అప్పుడే, పొద్దున్నే కొలత రాసుకుని వెళ్లిన ఆ పాతినవాడు మళ్లీ వాకిట్లో సైకిలు దిగాడు.

అతను వ్యవసాయ ఆఫీసు ఉద్యోగి. రెండు నెలల క్రితం వాళ్ల పెరట్లో వాన కొలిచే గొట్టం పాతాడు. రోజూ పొద్దున్నే వచ్చి, కొలత రాసుకుని, రైతులందరికీ మెసేజ్ పెడతాడు. ఆ గొట్టం చూసిన మొదటి వాన ఇదే. ఆమె అతనికి పెట్టుకున్న పేరు మిల్లీమీటరు. ఆ సంగతి ఆమె డైరీకీ నానమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. డైరీ అయితే బయటికి చెప్పదు.

"బుద్ధి లేనిది ఎవరికండీ?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా మాత్రం దిగలేదు.

"గొట్టానికీ మా చూరుకీ ఎంత దూరం?"

"రెండు అడుగులు."

"గాలికి చూరు నీళ్లన్నీ దాంట్లోకే చిమ్మాయి. మీరు కొలిచింది వానని కాదు, మా ఇంటి కప్పుని."

నానమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది.

"చేలో పుల్ల గుచ్చి చూశాను. తడి నాలుగు వేళ్లే దిగింది. జానెడు దిగాలి. ఆరేళ్లుగా రాసుకుంటున్నాను. మొదటి వానకీ రెండో వానకీ మధ్య ఎడం పెరుగుతూనే ఉంది. నిరుడు పంతొమ్మిది రోజులు."

అతను నేరుగా చేలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మోచేతుల దాకా మట్టి.

"తప్పు నాదేనండీ," అన్నాడు నాన్నతో. "నాలుగు వేళ్లే ఉంది. విత్తకండి. నా కొలత తప్పని అందరికీ మెసేజ్ పెట్టేశాను."

"ఆఫీసులో ఊరుకుంటారా?"

"తిడతారు. తిట్లకి ఒక పూట పోతుంది. మొలక మాడితే మీకు ఏడాది పోతుంది."

ఆమె మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది.

"మరి అదును దాటితే?" నాన్న ఆమె వైపు తిరిగాడు.

"ఈసారి తెప్పించింది తొందరగా పండే రకం కదా నాన్నా. ఆగగలదు. మనమే ఆగలేకపోతున్నాం."

నాన్న తువ్వాలు తీసి మేకుకి తగిలించాడు.

రెండో మెసేజ్ పట్టించుకోకుండా విత్తిన పక్క చేలల్లో వారం రోజులు మొలకలు పచ్చగా నవ్వాయి. చేలు గలవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. "కూతురు అక్షింతలు వేస్తేగానీ ఈయన విత్తడట," అన్నారు. తరువాత ఎండకి ఆకులు చుట్టుకుపోయాయి. నవ్వులూ చుట్టుకుపోయాయి.

అతను గొట్టాన్ని పెరడు మధ్యకి మార్చాడు. రోజూ వస్తున్నాడు. రోజూ సున్నాయే.

"సున్నా చదవడానికి అరగంటా నాయనా?" అంది నానమ్మ.

"సున్నానే జాగ్రత్తగా చదవాలి మామ్మగారూ."

ఇరవయ్యో రోజున మబ్బు దిగింది. రెండు గంటలు కురిసి వెలిసింది. నాన్న తనే వెళ్లి పుల్ల గుచ్చాడు. జానెడు దిగింది. ఇంటికొచ్చి, "డబ్బా మీద ఎవరూ లేరుగా?" అని దాన్ని భుజానికెత్తుకున్నాడు.

సాయంత్రానికి చివరి సాలు పూర్తవుతూండగా మళ్లీ వాన. అందరూ ఇంట్లోకి పరుగెత్తారు. గొట్టం చూడటానికి వచ్చిన అతనూ, ఆమే వరండాలో వెనకబడ్డారు.

"నన్ను దూరం బదిలీ చేస్తున్నారు. ఆ మెసేజ్ పెట్టినందుకు."

"వెళ్తారా?"

"వెళ్లనని రాశాను. కారణం అడిగారు. ముందు ఒకరిని అడిగి చెప్తానన్నాను." అతను జుట్టులోంచి నీళ్లు తుడుచుకున్నాడు. "ఈ మిల్లీమీటరుకి మీ ఇంట్లో చోటుంటుందా?"

ఆ పేరు వినగానే ఆమె గిర్రున తిరిగి గుమ్మం వైపు చూసింది. నానమ్మ అక్కడే ఉంది, ఏమీ ఎరగనట్టు. ఆమె లోపలికి పారిపోబోయింది.

"డబ్బా మీద కూర్చుని మీ నాన్ననే ఎదిరించావు. ఈ అబ్బాయికి ఒక్క మాట చెప్పలేవా? చెప్పాకే లోపలికి," అని, నానమ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.