చర్చిదిబ్బ గంట

కుడి చెవి చచ్చిపోయిందన్న మాట వీబ్కె ఇంతవరకూ పైకి అనలేదు. ఒంటరిగా అద్దం ముందు నిలబడి కూడా అనలేదు.

చర్చిదిబ్బ మంచిది కాదని మాత్రం ఆ తీరంలో పసిపిల్లలు కూడా చెబుతారు. సముద్రం వెనక్కి తగ్గితే కరకట్టకీ ఎదుటి లంకకీ మధ్య బురదనేల తేలుతుంది. ఆ నడుమ, ఎప్పుడో ఉప్పెనలో మునిగిపోయిన చర్చి తాలూకు చిన్న దిబ్బ. పొగమంచులో అక్కడ గంట మోగుతుందట... విన్నవాడు ఇల్లు చేరడట. ఆఖరున అలా పోయినవాడు వీబ్కె చిన్నతాత కేటెల్. లంకకి టపా మోసేవాడు.

ఇప్పుడు ఆ టపా సంచి మోసేది వీబ్కె. మార్చిలో ఆమె చెవి లోపలి నరం మీద గడ్డ తీశారు. కోత మానింది. వినికిడి మాత్రం రాలేదు. దాని చోట ఓ మోత వచ్చి కూర్చుంది — రాత్రీ పగలూ.

"ఇక రాదమ్మా," అన్నాడు డాక్టరు.

"మెల్లగా వస్తోంది," అని తన అన్న మొమ్మెతో చెప్పింది. నిజం తెలిస్తే సంచి ముట్టుకోనివ్వడు.

భోజనాల దగ్గర గోడవారన కుర్చీలోకి మారింది, కుడి చెవి గోడకేసి. మొమ్మె పగలబడి నవ్వాడు. "కేటెల్ తాత కుర్చీ ఎక్కావటే! ఇక గడ్డం ఒక్కటే తక్కువ."

నవంబరులో నాలుగున్నరకే చీకటి. ఆమె లంక నుంచి తిరిగొస్తుంటే మంచు కమ్మేసింది... చాచిన చెయ్యి కనబడలేదు.

అలాంటప్పుడు కట్టమీద ఎవరో ఒకరు గంట కొడతారు — మూడు దెబ్బలు, ఆపి, మళ్లీ మూడు. బురదలో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని, మోత రెండు చెవులకీ సమంగా తగిలేదాకా తిరగాలి. తగిలాక నేరుగా నడవాలి. చిన్నప్పటినుంచీ ఆమెకి అదే దారి. దిక్సూచి ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

మొమ్మె! ఎడమ పక్క.

ఎడమకి తిరిగింది. గంట ఎడమనే. ఇంకా తిరిగింది... ఎడమనే. గుండ్రంగా తిరిగొచ్చినా — ఎడమనే.

తోచిన వైపు నడిచింది. కాసేపటికి ఎదురుగా అడుగుజాడలు. వంగి టార్చి వేసింది.

తనవే. వాటిలో నీళ్లు ఊరుతున్నాయి... పోటు మొదలైంది.

కాలికి రాయి తగిలింది. చెక్కిన రాయి. నేల కాస్త ఎత్తుగా ఉంది —

చర్చిదిబ్బ.

కట్టమీద గంట ఆగింది. గాలి కూడా లేదు. అయినా మోగుతోంది... కుడి పక్క, ఆగకుండా.

"తాతా," గుసగుసలాడింది. "నీకూ ఇంతేనా?"

ఆ కుర్చీలో తాత కళ్లముందు మెదిలాడు. గోడకేసి కుడి చెవి. ఎడమ పక్కన కూర్చుంటే తప్ప పలికేవాడు కాదు. పొగరన్నారు ఇంట్లో అందరూ. ఆయనా ఎవరికీ చెప్పలేదు. ఆయన కంటే ముందు పోయినవాళ్లు...?

నీళ్లు చీలమండలు దాటాయి. పడవ రావడానికి ఎంతసేపు పడుతుందో, ఈలోగా ఇక్కడ ఎంత లోతవుతుందో ఆమెకి బాగా తెలుసు. ఫోన్ చేస్తే ముందు చెవి చచ్చిపోయిందన్న ఆ మాటే అనాలి. లేకపోతే మొమ్మె, "గంట కొడుతూనే ఉన్నానుగా, ఇటు వచ్చెయ్యవే!" అంటాడంతే.

మళ్లీ మూడు దెబ్బలు. ఎడమనే.

జేబులోంచి ఫోన్ తీసింది. మొమ్మె పేరు నొక్కి ఎడమ చెవికి అదుముకుంది. కట్టమీది గంట వినబడటం మానేసింది.

రెండోది, కుడి పక్కది, మోగుతూనే ఉంది.