గడియ పడింది

పొద్దున్న టీ పెట్టుకునేసరికే భోజనాల బల్ల కూతురి ఆక్రమణలోకి వెళ్లిపోయింది. తల్లి రాసిన నవలని సినిమాగా మలుస్తున్న ఆ మహాతల్లి, రంగు చీటీల మీద సీన్లు రాసి బల్లంతా పరిచేసింది. పేపరు విప్పుకోవడానికి జానెడు జాగా దొరక్క తండ్రి కుర్చీని గోడవారకి లాక్కున్నాడు.

"పక్కింటావిడనీ ఆడపడుచునీ కలిపి ఒకే మనిషిని చేసేశానమ్మా. ఇద్దరూ చెప్పేది చాడీలే కదా!"

"మీ అత్త వినలేదు కాబట్టి బతికిపోయావు," అన్నాడాయన పేపరు వెనక నుంచి.

"వాన తీసేశాను. పెళ్లి తీసేశాను. కోడలు మనసులో అనుకునే పేజీలన్నీ ఒక్క చూపులో తేల్చేశాను."

తల్లి నవ్వుతూనే ఉంది. అచ్చయ్యాక నవల తనది కాదనీ, సినిమాకి ఏం కావాలో కూతురికే తెలుసుననీ అందరితో గొప్పగా చెప్పుకుంది కూడా. కానీ కూతురు ఎర్ర చీటీ చేతిలోకి తీసుకోగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది. దాని మీద 'బాత్రూమ్' అని రాసి ఉంది.

"ఇక్కడే ఆగిపోయానమ్మా. అత్తగారు లోపల ఉంది. బయట 'గడియ పడింది' అని రాసి ఊరుకున్నావు. ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదు. పడింది. పాత గడియ, వదులు."

"కాగితం మీదైతే పడుతుంది. తెర మీద పడదు. గడియ చూపించగానే జనం చెయ్యి కోసం వెతుకుతారు. దర్శకుడూ అదే పట్టుకుని కూర్చున్నాడు. ఎవరిదో ఒకరి చెయ్యి చూపించాల్సిందే."

"అయితే కోడలిది చూపించు," అంది తల్లి.

పేపరు చప్పుడు ఆగిపోయింది. మిగతా నవలంతా కట్టుకథే అయినా, బాత్రూములో కుప్పకూలిన అత్తగారు మాత్రం కట్టుకథ కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ ఆయన కన్నతల్లి. నువ్వు గడియ చూసుకోలేదు అని ఆయన ఆ రోజు భార్యని ఒక్కసారి అన్నాడు. మళ్లీ అనలేదు. అనకుండానే ఇన్నేళ్లూ గుర్తుచేస్తూ వచ్చాడు. ఎవరు స్నానానికి వెళ్లినా లేచి వెళ్లి గడియ చూసి వచ్చేవాడు.

"కోడలిది కుదరదు," కూతురు తల అడ్డంగా ఊపింది. "ముసలావిడ కోసం ప్రాణం పెట్టే మనిషి, జనం నమ్మరు. నువ్వు కథంతా 'నేను' అంటూ చెప్పుకుపోయావు. సినిమాలో ఆ చూపు ఇంకెవరికైనా ఇవ్వాలి కదా. అందుకని ఇంట్లో ఒక పాపని పెట్టాను."

"పాపని తీసెయ్."

"ఎందుకు?"

"నవల్లో పాప లేదు. నేను పెట్టలేదు. తీసెయ్యమంటున్నానా!"

ఆవిడ అంత గట్టిగా అరవడం ఎవరూ ఎన్నడూ వినలేదు. చేతిలో టీ ఒలికిపోయింది. పుస్తకం నిండా బంధువుల్నీ ఇరుగుపొరుగునీ కిక్కిరిసేలా నింపి, పిల్లాజెల్లా లేని కాపురం ఎందుకు రాసిందో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అడిగేది ఈ పిల్లేనని కలలో కూడా అనుకోలేదు.

కూతురు చీటీ వంకా తల్లి వంకా మార్చి మార్చి చూసింది.

"అప్పుడు ఇంట్లో నేనున్నాను కదమ్మా. నవల్లోంచి నన్నెందుకు తీసేశావు?"

"నీకు నాలుగేళ్లు. ఏం గుర్తుంటుంది నీకు? ముందా చీటీలన్నీ తీసెయ్."

"తీసేసినదానికి కారణం ఉంటుందమ్మా. పొద్దుణ్ణుంచీ నేను చేస్తున్నది అదే పని." ఎర్ర చీటీ బల్ల మీద పెట్టింది. "నా చెయ్యేనా?"

కాదనడానికి తల్లి నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం ఆలస్యమే కొంప ముంచింది.

"మునివేళ్ల మీద నిలబడి వేశావు. నాన్నమ్మతో దాగుడుమూతలని... పెరట్లోంచి నేను వచ్చేసరికి తలుపుకి చెంప ఆనించి అంకెలు లెక్కపెడుతున్నావు. ఆవిడ అప్పటికే... తలుపు తీసి ఉన్నా బతికేదో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. నిజంగానే అన్నాడు, ఒట్టు!"

కూతురి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇన్నేళ్లూ ఆవిడ భయపడింది ఆ ముఖం చూడాల్సి వస్తుందనే. ఈ పిల్ల ఇప్పుడేమైపోతుందో, రేపట్నుంచి తన చేతుల్ని తాను ఎలా చూసుకుంటుందో అన్నదే ఆవిడ దిగులు.

ఆయన లేచి వచ్చాడు. "నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే దాన్ని చూసినప్పుడల్లా మీకు మీ అమ్మ గుర్తొచ్చేది. నన్ను చూస్తే గుర్తొచ్చింది, భరించాను. దాని వంక మీరలా చూస్తే భరించలేను."

ఆయన పక్క కుర్చీలో కూలబడి, భార్య భుజం మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్ను ఎంత మాటన్నాను!"

"ఒక్కసారే కదండీ అన్నారు."

కూతురు ఎర్ర చీటీ మళ్లీ చేతిలోకి తీసుకుంది. పెన్ను తీసింది.

"పాప ఉంటుంది. చెయ్యీ కనిపిస్తుంది," అంది, కళ్లు తుడుచుకోకుండానే. "తర్వాత వాళ్లమ్మ వస్తుంది. వచ్చి ఏం చేసిందమ్మా?"

"గడియ తీసి లోపలికి చూసింది. చూసి, పాపని ఎత్తుకుంది. అది చూడకుండా ముఖం భుజానికి అదుముకుంది. జనం వచ్చేసరికి గడియ పడింది అనేసింది."

"పాపని మళ్లీ ఎప్పుడు దించింది?"

ముప్పయ్యేళ్ల కూతుర్ని ఆవిడ రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"దించినట్టు రాయకు," అంది.