రనీస్‌ని అడిగిన ప్రశ్న

"ఆ గోల్ ఇంకోసారి," అంది హిబ.

"ఇప్పుడే చూశాం కదా."

"జాసిమ్, నీ పని ప్రొజెక్టర్ నడపడం. నీ అభిప్రాయాలు తర్వాత చెబుదువుగాని."

జనం రాకముందు ట్రయల్ వేస్తున్నాం. వెనక్కి తిప్పాను. తెర మీద రనీస్ మళ్ళీ గోల్ కొట్టాడు, మళ్ళీ జుట్టు ఎగరేశాడు. హిబ మళ్ళీ నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను మా ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌కీపర్‌ని. ఇంటికో ఆటగాడుండే మా మలప్పురంలో అదేం గొప్ప కాదు. హిబకి మాత్రం ఒకటే పట్టుదల, ఆడపిల్లలకీ పొద్దుటిపూట గ్రౌండ్ ఇప్పించాలని. అందుకే శుక్రవారాలు క్లబ్బులో ఆటగాళ్ళ డాక్యుమెంటరీలు వేసి, అయ్యాక ఊరివాళ్ళ చేత మాట్లాడించాలని చూస్తోంది. వాళ్ళేమో సినిమా చూస్తారు, సులైమానీ టీ తాగుతారు, ఇంటికి పోతారు. నోరు మాత్రం విప్పరు.

"ఈ వారమూ ఇంతే అయితే తెర తీసేసి క్యారమ్స్ బోర్డు పెట్టేస్తా," అని సెక్రటరీ బీరాన్ ఇక్క తేల్చేశాడు. మా దగ్గర ఇక్క అంటే అన్న.

దాంతో హిబ ఏకంగా డాక్యుమెంటరీ హీరోనే పిలిచింది. రనీస్‌ది పక్క ఊరే. ఇప్పుడు పెద్ద లీగ్‌లో ఆడుతున్నాడు.

సాయంత్రం మగ్రిబ్ నమాజ్ అయ్యేసరికి హాలు నిండింది. రనీస్ కారు దిగాడు. హిబ స్వయంగా టీ ఇచ్చి, "చక్కెర సరిపోయిందా ఇక్కా?" అని అడిగింది. నాతో, "పక్కకి జరుగు, తెర మీద నీ నీడ పడుతోంది," అంది. ఇన్నేళ్ళ పరిచయంలో నా చక్కెర సంగతి ఆమెకి ఎప్పుడూ పట్టలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

సినిమా అయిపోయింది. "ఎవరైనా మాట్లాడండి," అని హిబ బతిమాలింది. ఎవరూ కదల్లేదు. చివరికి రనీసే, "కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా హిబ కొట్టింది.

నేను లేచి నిలబడ్డాను.

"రనీస్ ఇక్కా, ఒక డౌటు. నువ్వు ప్రాక్టీసుకి పోతే ఇంట్లో పనులు ఎవరు చేశారు? నీ బూట్లు ఎవరు కొన్నారు? కష్టమంతా నువ్వొక్కడివే పడ్డావా?"

వాడి పరువు తీద్దామనే అడిగాను. వేరే సదుద్దేశం ఏమీ లేదు.

రనీస్ టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మా అక్క. నాకంటే బాగా ఆడేది. ఇద్దర్నీ పంపలేమని ఇంట్లో నన్నే పంపారు. బూట్లు తనే బట్టలు కుట్టి కొనిచ్చింది. సినిమా తీసినవాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు."

వెనక వరసలోంచి హిబ వాళ్ళమ్మ గొంతు వినిపించింది. ఆమెని మేమంతా ఉమ్మ అనే పిలుస్తాం. "నేనూ మా అన్నల కంటే గట్టిగా బంతిని తన్నేదాన్ని. ఏడో క్లాసులో ఆట మాన్పించారు. ఎందుకు మానేశావని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. "మీ గ్రౌండ్ పొద్దున ఖాళీగానే ఉంటుందిగా?" అని బీరాన్ ఇక్కని సొంత భార్యే నిలదీసింది. ఆయన అందరి మొహాలూ చూసి, "సరే, ఆదివారం నుంచి ఆడపిల్లల్ని రమ్మనండి," అన్నాడు.

హాలు ఖాళీ అయ్యాక నేనూ హిబా తెరగా కట్టిన దుప్పటి మడతపెడుతున్నాం.

"అంత మంచి ప్రశ్న నీకెలా తట్టింది?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "కుళ్ళుతో అడిగాను. వాడి పరువు పోవాలని."

"తెలుసు. చక్కెర సంగతి అడిగినప్పుడు నీ మొహం చూశాను."

"నేను కుళ్ళుకుంటానని తెలిసే అడిగావా?"

"చూడాలనే అడిగాను."

ఒక్కో మడతకీ ఒక్కో అడుగు దగ్గరవుతున్నాం. చివరి మడతకి కొసలు కలిశాయి. ఇద్దరం చేతులు వదల్లేదు.

"హిబా, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"ఇన్నాళ్ళు పట్టిందా చెప్పడానికి? గోల్‌కీపర్లంతా ఇంతేనా, బంతి మీదికొచ్చేదాకా కదలరు?"

గుమ్మంలోంచి ఉమ్మ గొంతు. "దుప్పటి మడుస్తున్నారా, నేస్తున్నారా?"

ఉలిక్కిపడి ఇద్దరం ఒకేసారి వదిలేశాం. తెర నేల మీద పడింది. ఉమ్మ దాన్ని చూసింది, మమ్మల్ని చూసింది.

"మళ్ళీ మొదట్నుంచీ మడవండి. తొందరేం లేదు," అని, మాకు వీపు తిప్పి మెట్ల మీద కూర్చుంది.