నలభై ఒకటో ఫొటో కింద చీటీ

"ఈ చీటీ రాసిందెవరు?"

శ్రీవాణి తలెత్తింది. ఎదురుగా ఒక యువకుడు. జుట్టు నిండా రాతిపొడి, కళ్ల నిండా కోపం. తాత లక్ష్మీనారాయణ నలభై ఏళ్లుగా పోగేసిన పాత ఫొటోలను నంద్యాలలో తమ ఇంటి ముందరి గదుల్లో జనం కోసం పెట్టి మూడు రోజులైంది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నవాళ్లే. తిట్టడానికి వచ్చిన మొదటి మనిషి ఇంత బాగుండాలా అని ఆమెకు చిరాకేసింది.

"నేనే రాసినా. ఏమప్పా?"

"'కొత్త జంట, ఆళ్లగడ్డ, 1971' అంట! ఈమె మా అవ్వ రామమ్మ. పక్కనుండేది ఆమె తమ్ముడు. ఊర్లో అందరూ అవ్వను ఆటపట్టిస్తాండారు మేడమ్!"

పొరపాటు పడ్డానేమోనని శ్రీవాణికి అనుమానం వచ్చింది. అయినా ఓడిపోవడం ఆమెకు చేతకాదు. ఫొటో తీసి వెనక్కి తిప్పింది. స్టూడియో అతను పెన్సిలుతో 'జోడు' అని రాసుకున్నాడు.

"చూడు. జోడంటే జంట కాదా?"

అతను ఫొటోలోని కుర్రాడి ముఖం మీద వేలు పెట్టాడు. "కండ్లజోడు! స్టూడియోవాళ్లదని అవ్వ చెప్పింది. ఫొటో కోసం పెట్టుకోమని ఇచ్చి, మళ్లా తీసుకోవాలని రాసుకున్నారు."

ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలీదు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

అతని పేరు రాజశేఖర్. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. నవ్వు ఆగాక మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "ఫొటో తెచ్చియ్యకముందే ఆ తమ్ముడు జ్వరమొచ్చి పోయినాడు. అవ్వ మళ్లా ఆ స్టూడియో దిక్కు పోలేదు. వాని మొగం మర్సిపోయినా అని ఏడుస్తా ఉంటాది. ఇది ఇస్తారా?"

"కాపీ ఇస్తా. అసలుది గడప దాటదు," అన్నాడు తాత లోపల్నుంచి. స్టూడియో మూసేసినప్పుడు కొన్న ఫొటో అది.

"ఇది అవ్వకియ్యాలని ఆ తమ్ముడు తీయించిన ఫొటో తాతా," అని మాత్రం చెప్పి రాజశేఖర్ వెళ్లిపోయాడు.

శ్రీవాణి ఆ రోజే చీటీ మార్చింది. ఆదివారం అతను మళ్లీ వచ్చాడు, సరిగ్గా మార్చిందో లేదో చూడ్డానికట. ఆ పై ఆదివారం నిలువునా తడిసి వచ్చాడు.

"ఈరోజు ఏం తప్పు కనపడింది?"

"తప్పేం ల్యాదు. వాన పడ్తాంటే ఈడ నిలబడదామని."

"ఆళ్లగడ్డలో వానొస్తే నంద్యాలకొచ్చి నిలబడాల్నా?"

అతను సిగ్గుపడ్డాడు. శ్రీవాణికి అతని మీద ప్రేమ కలిగింది ఆ క్షణంలోనే.

ఆ సాయంత్రం తాత దగ్గర కూర్చుంది. "నువ్వు దాచకపోతే ఆ ఫొటో మిగిలేదే కాదు తాతా. కానీ ఎవరికోసమో తెలిసినాక మనం పెట్టుకుంటే దాచినట్టు కాదు, లాక్కున్నట్టు."

తాత తానే లేచి నలభై ఒకటో ఫొటోను మెత్తని గుడ్డలో చుట్టాడు. మర్నాడు పొద్దున ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కారు.

రామమ్మ ఫొటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఒరే, ఇంత పిల్లోనివేంరా నువ్వు!" అని దాన్ని రొమ్ముకు హత్తుకుంది. తాత కళ్లు తుడుచుకున్నాడు.

"తప్పు రాసినా అవ్వా. మన్నించు," అంది శ్రీవాణి.

అవ్వ ఆమె చెంప నిమిరి, మనవడి వైపు తిరిగింది. "ఫొటో ఇంటికొచ్చె కదరా. వచ్చే ఆదివారం నంద్యాలకు ఏం పనుండాదని పోతావ్?"

రాజశేఖర్ తాతను చూశాడు, శ్రీవాణిని చూశాడు. "ఈమె కోసం పోతా. నాకిష్టం అవ్వా."

తాత కాదనలేదు.

"పదింటికల్లా రా," అంది శ్రీవాణి తలొంచుకుని. "మధ్యాన్నం దాకా ఎదురుచూడాలంటే నా వల్ల కాదు."