ముడి అవతలి కొస

మా మామకు, అంటే నా మొగుడు మునిచంద్రకు, పులికాట్ సరస్సులో పడవెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. అట్లాంటోడు హిమాలయాల్లో ట్రెక్కింగుకు పోదామని టికెట్లు తెచ్చినాడు. "తడ నించి మెడ్రాసు పోయొస్తేనే మంచమెక్కే మొగం, మంచుకొండలెక్కుతాదంట!" అని మా అత్త తాయమ్మ ఒకటే నవ్వు. నేను మాత్రం ఎగిరి గంతేసినాను. పెండ్లయి ఏడాదైనా, ఆయన శ్రీసిటీ ఫ్యాక్టరీ షిఫ్టులతో మేము ఒకరి మొగం ఒకరు సూసుకునింది తక్కువ.

బయల్దేరేటప్పుడు అత్త నా శాలువ కొస పట్టుకునింది. "పెండ్లిలో ఏసిన కొంగుముడి మాదిరి ఉండండి. ముడేసినాక ఇద్దరూ కలిసే విప్పాల. ఒకరు ఇడిపించుకోని పోతే రెండోవాళ్ళు ఎనకాలే వస్తారు" అనింది.

"నీ చాదస్తం తగలెయ్య, పొద్దుపోతాంది అత్తా" అన్నాను.

ట్రెక్కింగు మూడోనాడు పొద్దున కొండ అంచున సన్నదారి. ఒకపక్క లోయ. "పొగమంచు కమ్మితే ఉన్నతావునే నిలబడండి" అని చెప్పి గైడు ముందు పోతాండాడు. మామ నా ఎనకాల ఫోటోలు తీస్తా వస్తాండాడు.

ఉన్నట్టుండి కమ్మింది. తెల్లగా. నా చెయ్యి నాకే కనపడలా. గాలి నిలిచిపోయింది. నా బూట్ల కింద మంచు కరకర తప్ప ఒక్క సడి లేదు. పైప్రాణాలు పైనే పోయినాయి నాకు. నేను పడిపోతానని కాదు, కళ్ళు తిరిగి మామ పడిపోతాడని.

"మామా! యాడుండావు?"

"ఈడనే..."

గుసగుస. శానా దగ్గరగా. అప్పుడే పసుపు వాసనొచ్చింది, తడిసిన పసుపుగుడ్డ వాసన. ఆ కొండమీద పసుపేందని ఆలోచించే తెలివి లేకపాయ.

చెయ్యి చాపితే ఒక గుడ్డ కొస అందింది. మామ మఫ్లరనుకున్నాను. దాన్ని నా శాలువ కొసకు గట్టిగా ముడేసి, ఏడుపు దాచుకోని నవ్వినాను. "కొంగుముడి ఏసేసినా. ఇంక నన్నిడిసి యాడికీ పోలేవు."

"పోను..."

ముడి ముందుకు లాగింది. నడిచినాను. "మెల్లగా మామా" అంటే ఇంకా బిగించి లాగింది. ఒక అడుగు... ఇంకో అడుగు...

"మహితా!"

ఆ కేక ఎనకాల నించి వచ్చింది. శానా దూరం నించి.

"యాడుండావే? నేను ఉన్నతావునే నిలబడుండా! నువ్వూ కదలద్దు!"

ఎత్తిన అడుగు ఆపేసినాను. మరి ముందర ఉండేది...?

ముడి మళ్ళీ లాగింది. బూటు కొన కింద నేల లేదు. శాలువను మెడ నించి పెరికి ఇడిసిపెట్టినాను. అది కింద పడలేదు. లోయ మీద, ఎవరో భుజానేసుకోని నడిచిపోతాన్నట్టు, నేరుగా పోయింది.

పొగమంచు విడినాక మామ నన్ను కరుచుకోని చిన్నబిడ్డ మాదిరి ఏడ్చినాడు. ఆయన మెడలో మఫ్లర్ లేదు. "రూములోనే మరిచిపోయినా గదే" అన్నాడు. శాలువ జారి లోయలో పడిందన్నాను. నిజం చెప్తే ఆయన ఇంక నిద్రపోడు.

తడకొచ్చి నెల దాటింది. ఈ మధ్యాన్నం నిప్పులు చెరిగే ఎండ. నేను రొయ్యలు ఒలుస్తాంటే పెరట్లో నించి అత్త అరిచింది.

"మేయ్, ఈ శాలువ ఎప్పుడు ఉతికినావే? ఇంత ఎండలోనూ నీళ్ళు కారతానే ఉండాది. ముడి కూడా విప్పకుండా ఆరేసినావు!"

పోయి సూసినాను. నా శాలువే. కొసన నేనేసిన ముడి. ముడిలో పసుపుగుడ్డ తునక. తాకితే ఐసుగడ్డ.

"దాన్ని ముట్టుకోవద్దు అత్తా..." అని అడ్డంగా నిలబడినాను.

"నేనెందుకు ముట్టుకుంటా, మీ మొగుడూ పెండ్లాల ముడి" అని నవ్వి, అత్త ఇంట్లోకి కేకేసింది. "ఒరే మునీ! ఇట్లా రారా, ఇద్దరూ కలిసి విప్పండి!"

షిఫ్టు మారిన సంగతి అత్త మరిచిపోయింది. పొద్దున్నే మామను బస్సెక్కించి వచ్చినాను, ఇంట్లో ఎవరూ లేరని చెప్పబోయేలోగా లోపల నించి గుసగుస వచ్చింది.

"వస్తాండా..."