డిప్‌స్టిక్ లేని పెట్టె

కొత్త గేర్‌పెట్టెకి రెండో బోల్టు బిగించి, మూడోదాని కోసం మస్తానమ్మ కారు కిందనుంచే చెయ్యి చాచింది. వీపు కింద గోనెపట్టా, మొహంమీద నూనె చారలు. గోడమీద పలకలోంచి దారిదొర పొద్దుటినుంచీ పాడిన పాటే పాడుతోంది: "ఎనిమిది గేర్ల పెట్టె సిఫారసు. పరీక్షకు ఇంకా అయిదు గంటల పది నిమిషాలు."

"పాడు నాయనా, పాడు. నీకేం, గొంతు నొప్పా, దాహమా!" అంది మస్తానమ్మ.

దేశంలో ఉన్న బళ్ళన్నిటినీ నడిపేదీ దారిదొరే, ఆపేదీ దారిదొరే. ఆ తీరం మొత్తానికి మనిషి చేత్తో నడిపే బండి ఒక్కటే మిగిలింది, ఉప్పుదిబ్బలో ఈ ఎర్రబండి. దానికి ఏటా పరీక్ష. నలభై కిలోమీటర్లు మామూలు రోడ్డుమీద మర్యాదగా తిరిగి రావాలి. వచ్చాక, బండి చల్లారకముందే నాలుగువందల మీటర్లు పదకొండు సెకన్లలో దాటాలి. తప్పితే బండి తుక్కు చేసే యంత్రంలోకే, మళ్ళీ అవకాశం లేదు.

పదకొండు సెకన్లు ఎందుకంటే, కట్ట కొలత అది. సముద్రం పెరిగాక ఉప్పుదిబ్బకీ ఒడ్డుకీ మధ్య నాలుగువందల మీటర్ల ఇనపజాలీ కట్టే దిక్కయింది. తుపానునాడు అల కట్టెక్కి దిగాక, మళ్ళీ అల వచ్చేదాకా పన్నెండు సెకన్లు. పోయిన అట్లతద్దినాడు దారిదొర గాలి చూసి బళ్ళన్నిటికీ తాళం వేసేసింది. నిండు చూలాలు సుందరి దిబ్బమీద నొప్పులు పడుతుంటే ఆవిణ్ణి దాటించింది ఎర్రబండే. దాటిస్తూనే పాత గేర్‌పెట్టె పగిలింది. ఆ పుట్టిన పిల్లకి ఇప్పుడు పళ్ళొస్తున్నాయి, చూడండి మరి!

పగిలిన పెట్టెలోంచి మస్తానమ్మ ఒక సీసాడు నూనె తీసి దాచింది. ఆవిడ అలవాటు అది, చేతిలో చచ్చిన ప్రతి పెట్టెనుంచీ ఒక సీసా. షెడ్డు గోడంతా ఆ సీసాలే. చదువు అయిదోక్లాసుతో ఆగింది గానీ, ఏ సీసాలో ఏ బండి ఏ ఎండలో ఎందుకు చచ్చిందో ముక్కు పెట్టి చెప్పేస్తుంది.

సముద్రవేణి వచ్చి కారు పక్కన కూలబడింది. మస్తానమ్మ చెల్లెలి కూతురు, ఎర్రబండి నడిపేది ఆ పిల్లే.

"పెద్దమ్మా, రెండు బోల్టులేగా. విప్పేసి ఆ ఎనిమిదిది ఎక్కిద్దాం. గేరు మారినా టర్బో ఊపిరి తెగదు. తొమ్మిదిన్నర సెకన్లకి అవతలుంటా."

"ఉంటావులే. నూనె చూసే పుల్ల, దాని డిప్‌స్టిక్ ఏదీ, చూపించు."

"దానికి ఉండదు. సీలు పెట్టె. నూనె సంగతి లోపలి బుద్ధిపలకే చూసుకుంటుంది."

"ఆ బుద్ధిపలక ఎవరి మాట వింటుందమ్మా?"

వేణి గోడమీద పలకకేసి చూసింది.

"కట్ట సగంలో ఉండగా దొర ఆగమంటే అది ఆగుతుంది. అల ఆగుతుందా?"

"పోనీ మూడు గేర్లది. ఏనుగంత బలం."

"బలమే, కాదన్నానా! రోడ్డెక్కితే ఇంజను గొంతు చించుకుంటుంది. రేపట్నుంచి డయాలసిస్ వాళ్ళని రోజూ ఆస్పత్రికి ఇందులోనే మొయ్యాలి. కిడ్నీలు పోయినవాళ్ళకి చెవులు కూడా పోగొడతావా?"

అందుకే నాలుగు గేర్లది. మొదటి మూడూ కట్టకి, నాలుగోది రోడ్డుమీద ఇంజను సేదతీరడానికి. క్లచ్చి పలకలు ఒక్కోచోట రెండేసి ఎక్కువ వేసింది. ఇంజను తిప్పుడుని నూనెద్వారా గేర్లకి అందించే కన్వర్టర్ మాత్రం వదులుది పెట్టింది. బండి నిలబడి ఉండగానే ఇంజను కాస్త జారుతూ తిరగాలి, అప్పుడే గీత వదిలేసరికి ఇంజనుకి గాలి ఊదే టర్బో నిండుతుంది. కానీ ఆ జారుడంతా వేడే. నూనె నూటముప్పై డిగ్రీలు దాటితే దొర అయోగ్యం అని రాసేస్తుంది.

"దాటితే?" అంది వేణి.

మస్తానమ్మ మూడో బోల్టు అందుకుంది.

* * *

ముప్పై కిలోమీటర్లదాకా నూనె వేడి చూపే ముల్లు నూటపది దగ్గర బుద్ధిగా ఉంది. పక్కసీట్లో మస్తానమ్మ కూర్చుంది. వంతెన దగ్గర దొర బళ్ళన్నీ పెళ్ళి ఊరేగింపులా పాకడం మొదలుపెట్టాయి. నిదానంలో కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. నూటపద్దెనిమిది. నూటఇరవై అయిదు.

"పెద్దమ్మా..."

"ముల్లుకేసి చూడకు. రోడ్డుకేసి చూడు."

పరీక్ష మైదానం గేటు ముందు ఆగేసరికి నూటముప్పై ఒకటి.

"అయోగ్యం," అంది గేటు పలక. "అధికారి బొటనవేలు పెట్టవలెను."

పరీక్షాధికారి ఆనందపాల్ లేచి వచ్చాడు. ఆరేళ్ళ సర్వీసు. దొర రాసినదాని కింద వేలు పెట్టడమే ఆయన పని. "ఒక్క డిగ్రీ, మస్తానమ్మగారూ. నా చేతుల్లో ఏముందమ్మా?" అన్నాడు, మొహం తిప్పుకుని.

"వేణీ, ఇంజను ఆపకు!" మస్తానమ్మ దిగి బానెట్టెత్తి, డిప్‌స్టిక్ లాగి తెల్లగుడ్డమీద తుడిచింది. దానిమ్మగింజ ఎరుపు. "నీ ముల్లు కన్వర్టర్ నోటిదగ్గరుంది బాబూ. అక్కడ నూనె పొయ్యిమీద పాలలా ఉంటుంది. ఇది కింద తొట్టిలోది. వాసన చూడు."

"మా పత్రంలో వాసనకి గడి లేదమ్మా."

"మొహాన ముక్కుందిగా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. వంగి వాసన చూశాడు. "మాడితే ఎలా ఉంటుందో నాకేం తెలుసు?"

మస్తానమ్మ జేబులోంచి అట్లతద్దినాటి సీసా తీసి మూత విప్పింది. ఆనందపాల్ ముక్కు పెట్టీపెట్టగానే దగ్గి వెనక్కి తూలాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుడ్డ వాసన చూశాడు. మళ్ళీ సీసా. మళ్ళీ గుడ్డ.

"బొటనవేలు పెట్టవలెను," అంది పలక.

పెట్టాడు. యోగ్యం అన్న గడిలో పెట్టాడు.

"ఆధారం?"

"వాసన," అన్నాడు ఆనందపాల్.

పలకమీద ఆ మాట అక్షరం అక్షరంగా పడింది. తర్వాత గేటు తెరుచుకుంది.

బయల్దేరే గీతమీద వేణి బండిని పట్టి ఉంచే చేతిమీట నొక్కిపట్టింది. బండి కదల్లేదు. ఇంజను గుక్కపట్టింది, టర్బో ఈల సన్నగా మొదలై చెవులు కోసింది. మీట వదిలింది. ముందుచక్రాలు తేలికైపోయాయి. ఒకటి, రెండు, మూడు, గేర్లు ఎక్కడా ఊపిరి తెగకుండా మారాయి. మస్తానమ్మ గేటుదగ్గరే నిలబడి కళ్ళు మూసుకుని చెవులతోనే చూసింది.

"పది పాయింట్ ఏడు సెకన్లు," అంది పలక.

వేణి అవతలి కొసనుంచి హారన్ మోగిస్తూనే ఉంది. మస్తానమ్మ సీసాకి మూత బిగించి, ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయింది.

వరసలో తర్వాతది దొర సొంత బండి, ఎనిమిది గేర్లది. ఏటా గేటు దానికి అడక్కుండానే తెరుచుకునేది. ఇవాళ తెరుచుకోలేదు. పలకమీద కొత్తగా ఒక ఖాళీ గడి వెలుగుతోంది. "వాసన?" జిల్లాలో ప్రతి గేటుదగ్గరా, ప్రతి పలకమీదా అదే గడి. బళ్ళన్నీ నిలబడిపోయాయి.

ఆనందపాల్ ఒక నిమిషం తల గోక్కున్నాడు. తర్వాత మస్తానమ్మ గుడ్డ అడిగి తీసుకుని, దొర బండి బానెట్టెత్తి, డిప్‌స్టిక్ కోసం వెతకడం మొదలుపెట్టాడు.